డి.ఎన్.ఏ. కత్తెర: ఒక ఉపమానముపై విమర్శ

క్రొత్త శాస్త్రవిషయమును సామాన్య పాఠకునకు చెప్పబూనిన రచయిత ఉపమానమును ఆశ్రయింపక తప్పదు. కంటికి కనబడని దానిని కనబడు దానితో పోల్చి చెప్పినగాని అది మనస్సునకు పట్టదు. పరమాణువును సూర్యకుటుంబముతో పోల్చిరి. గుండెను నీళ్ల పంపుతో పోల్చిరి. కంటిని కెమేరాతో పోల్చిరి. ఈ పోలికలు కొంత దూరము దారి చూపును. అటుపిమ్మట దారి తప్పించును. ఎక్కడ పోలికను విడిచిపెట్టవలెనో చెప్పుట రచయిత బాధ్యత. ఆ బాధ్యతను మనము మరచిన పోలిక యొకటి కలదు. డి.ఎన్.ఏ.ను ఖండించు ఎంజైములను "అణు కత్తెరలు" అనుట అట్టిది.

ఈ మాట నేడు పాఠ్యగ్రంథములలో ఉన్నది, పత్రికలలో ఉన్నది, విద్యార్థుల జవాబు పత్రములలోనూ ఉన్నది. 2020లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును ప్రకటించినప్పుడు బహుమాన సంఘమువారే "జన్యు కత్తెరలు" అను మాటను వాడిరి. ఇంత వ్యాప్తి చెందిన మాటను పరిశీలించుట వ్యర్థమని కొందరు తలపవచ్చును. మాట ఎంత వ్యాప్తి చెందినచో పరిశీలన అంత అవసరమని మా అభిప్రాయము.

కత్తెర వెనుక దర్జీ ఎవరు?

మన అలంకారికులు ఉపమకు నాలుగు అంగములు చెప్పిరి: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. ఇక్కడ ఉపమేయము ఎంజైము, ఉపమానము కత్తెర. సమానధర్మము ఏది? కోయుట. అంతవరకు పోలిక నిర్దుష్టమే. కత్తెరకు రెండు వాదరలున్నట్లు ఈ ఎంజైములలో అనేకము ఒకే విధమైన రెండు ప్రోటీను భాగముల జతగా పనిచేయును. ఒక్కొక్క భాగము డి.ఎన్.ఏ.లోని ఒక్కొక్క పోగును తెంచును. కావున కోయుట అను పనికి కత్తెర తగిన ఉపమానమే.

కాని డి.ఎన్.ఏ.ను కోయుట ప్రకృతిలో గొప్ప పని కాదు. మన క్లోమరసములోని ఎంజైము యొకటి, మనము తిన్న ఆహారములోని డి.ఎన్.ఏ.ను తావు చూడక, అక్షరము చూడక ముక్కలు చేయుచున్నది. దానిని చూచి ఎవరును ఆశ్చర్యపడలేదు. దానికి బహుమానములు రాలేదు. ఆశ్చర్యము కలిగించినది వేరు. లక్షల అక్షరముల నడుమ ఒక నిర్దిష్టమైన ఆరక్షరముల మాటను గుర్తించి, అక్కడ మాత్రమే కోయుట ఈ ఎంజైముల విశేషము.

కత్తెర అనగానే దానిని పట్టుకొన్న చెయ్యి, ఆ చేతికి దారి చూపు కన్ను, గుడ్డపై సుద్దతో గీసిన గీత మనకు తెలియకుండగనే స్ఫురించును. ఎక్కడ కోయవలెనో కత్తెరకు తెలియదు, దర్జీకి తెలియును. ఈ ఎంజైములో దర్జీ, కన్ను, కత్తెర మూడును ఒకే అణువు. ఉపమానము మూడింటిలో తేలికయైన దానిని చెప్పి, కష్టమైన రెండింటిని మ్రింగివేసినది. విద్యార్థి "ఎంజైము కోయును" అని నేర్చుకొని తృప్తిపడుచున్నాడు; "అక్షరములు చదువుటకు దానికి కన్నెక్కడిది?" అని అడుగుట లేదు. అడుగవలసిన ప్రశ్నను అడుగనీయకుండుటయే ఈ ఉపమానములోని దోషము.

పేరు ఎట్లు వచ్చినది?

ఈ ఎంజైములు కోత పనిముట్లుగా పుట్టలేదు. 1952లో లూరియా, హ్యూమన్ అనువారును, 1953లో బెర్టానీ, వైగెల్ అనువారును ఒక వింతను గమనించిరి. బాక్టీరియాలను చంపు వైరసులకు ఫేజీలని పేరు. ఒక తెగ బాక్టీరియాలో పెరిగిన ఫేజి మరియొక తెగలో ప్రవేశించినచో సరిగా వృద్ధి కాదు. అనగా దాని వ్యాప్తి నిరోధింపబడును. ఆంగ్లమున "రెస్ట్రిక్షన్" అను పేరు ఈ నిరోధమునుబట్టి వచ్చినదేగాని కోతనుబట్టి రాలేదు. 1962లో జెనీవాలో వెర్నర్ ఆర్బర్, డైసీ డూసా అనువారు ఈ నిరోధమునకు కారణము డి.ఎన్.ఏ. ధ్వంసమే యని చూపిరి. బాక్టీరియా పరాయి డి.ఎన్.ఏ.ను ఛేదించును, తన డి.ఎన్.ఏ.కు గుర్తు వేసి కాపాడుకొనును.

1970లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో హామిల్టన్ స్మిత్, ఆయన సహచరులు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అను బాక్టీరియా నుండి ఇట్టి ఎంజైము నొకదానిని వేరుచేసి, అది ఒక నిర్దిష్ట వరుసవద్దనే కోయుచున్నదని నిరూపించిరి. 1971లో డానియల్ నాథన్స్, కాథ్లీన్ డానా అదే ఎంజైముతో ఎస్.వి. 40 అను వైరసు డి.ఎన్.ఏ.ను పదకొండు ముక్కలుగా విడదీసిరి. ఆర్బర్, నాథన్స్, స్మిత్ 1978లో నోబెల్ బహుమానము నందుకొనిరి.

ఈ చరిత్రలో "తన", "పర" అను విచక్షణయే ప్రధానము. కోత దాని ఫలము. విచక్షణ ఏమాత్రము తప్పినను బాక్టీరియా తన్ను తానే చంపుకొనును. కత్తెర అను మాటలో ఈ ప్రాణాపాయపు జాడ కూడ లేదు.

ఆరక్షరముల లెక్క

ఎకో-ఆర్-1 అను ఎంజైమును ఉదాహరణముగా తీసికొందము. ఎషెరికియా కోలై అను బాక్టీరియా తెగ యొకదానినుండి లభించుటచే దానికా పేరు. అది గుర్తించు మాట జి-ఏ-ఏ-టి-టి-సి. మొదటి జి తర్వాత కోయును. డి.ఎన్.ఏ. అక్షరములు నాలుగు. ఆరక్షరముల మాటలు నాలుగును ఆరుమార్లు హెచ్చవేయగా వచ్చునన్ని, అనగా 4,096. కావున అక్షరములు ఒక క్రమము లేక చల్లినట్లున్నచో ప్రతి 4,096 తావులలో ఒకసారి ఈ మాట వచ్చునని లెక్క. లాంబ్డా అను ఫేజి డి.ఎన్.ఏ.లో 48,502 జతలున్నవి. లెక్క ప్రకారము సుమారు పన్నెండు తావులుండవలెను. నిజముగా ఉన్నవి అయిదు. అనగా ఎంజైము ఆ అయిదింటిని పట్టుకొని, మిగిలిన నలుబది యెనిమిదివేలకు పైబడిన తావులను కాదనవలెను. కాదనుటయే దాని పనిలో అధిక భాగము.

ఇక్కడ మరియొక పోలికను గూర్చి హెచ్చరిక చేయవలెను. జి-ఏ-ఏ-టి-టి-సి వంటి వరుసలను "వికటకవి" అను మాటతో పోల్చుట కలదు. వికటకవిని కుడినుండి చదివినను వికటకవియే. కాని జి-ఏ-ఏ-టి-టి-సిని అదే పోగుపై వెనుకనుండి చదివిన సి-టి-టి-ఏ-ఏ-జి అగును. అది వేరు మాట. ఎదుటి పోగును దాని దిశలో చదివినప్పుడే మరల జి-ఏ-ఏ-టి-టి-సి వచ్చును. ఈ తేడా అల్పమైనది కాదు. ఎంజైములోని రెండు భాగములు ఎదురెదురుగా నిలిచి చెరియొక పోగుపై ఒకే మాటను చదువగలుగుట ఈ అమరిక వలననే సాధ్యమగుచున్నది. పోలిక దాదాపు సరియైనదే. తప్పిన ఆ కొంచెములోనే అసలు విషయమున్నది.

మెట్లు విప్పకయే చదువుట

డి.ఎన్.ఏ.ను మెలిపెట్టిన నిచ్చెనగా మనమెరుగుదుము. అక్షరములు నిచ్చెన మెట్లలో ఉన్నవి. ఏకు టి, జికి సి జతయై ఒకదాని నొకటి పట్టుకొని లోపల నున్నవి. వాటిని చదువుటకు ఎంజైము నిచ్చెనను విప్పవలెనా? అక్కరలేదు. మెలిక వలన నిచ్చెన వెలుపల రెండు గాళ్లు ఏర్పడినవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ప్రతి మెట్టు అంచు ఈ గాళ్లలోనికి కనబడుచుండును. ఆ అంచున హైడ్రోజనును ఇచ్చు తావులు, పుచ్చుకొను తావులు ఒక వరుసలో నుండును.

1976లో సీమన్, రోజెన్‌బెర్గ్, రిచ్ అను ముగ్గురు ఈ అంచులను పరిశీలించి ఒక చక్కని వాదము చేసిరి. పెద్ద గాడిలో ఏ-టి జత అంచున క్రమముగా పుచ్చుకొను తావు, ఇచ్చు తావు, పుచ్చుకొను తావు, ఒక మిథైల్ గుంపు ఉన్నవి. జత తిరుగబడి టి-ఏ ఐనచో ఆ వరుసయు తిరుగబడును. జి-సి జతకు పుచ్చుకొనునవి రెండు, ఆ పిమ్మట ఇచ్చునది ఒకటి. సి-జికి దాని తారుమారు. నాలుగు జతలకు నాలుగు వేర్వేరు వరుసలు. చిన్న గాడిలోనైతే ఏ-టి, టి-ఏ రెండును ఒకేరీతిగా నుండును. వానిని వేరుచేయుట కష్టము. అందుచే చదువరి పెద్ద గాడినే ఆశ్రయింపవలెను. ఒక్కొక్క జతకు ఒకే హైడ్రోజన్ బంధము చాలదు, రెండు ఉన్నప్పుడే నిశ్చయముగా గుర్తింపవచ్చును. ఇది వారి వాదము.

తాటాకుపై గంటముతో వ్రాసిన అక్షరములను, మసి పూయకముందు, వేలితో తడవి గుర్తించు వానిని ఊహించుకొనుడు. ఎంజైము చదువు అట్టిది. దానికి కన్ను లేదు, స్పర్శ ఉన్నది.

బాక్టీరియా తన డి.ఎన్.ఏ.ను కాపాడుకొను ఉపాయము కూడ ఈ గాడిలోనే ఉన్నది. వేరొక ఎంజైము జి-ఏ-ఏ-టి-టి-సిలోని రెండవ ఏపై ఒక మిథైల్ గుంపును తగిలించును. ఆ గుంపు పెద్ద గాడిలోనికి పొడుచుకొని వచ్చి, ఎకో-ఆర్-1 తడవవలసిన తావును ఆక్రమించును. అక్షరము మారలేదు, అర్థము మారలేదు. కాని స్పర్శ మారినది. కోత జరుగదు.

తాళముచెవి చాలునా?

కత్తెర చాలదని గ్రహించిన రచయితలు తాళము, తాళముచెవి అను పోలికను జోడింతురు. 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైములకు ఈ పోలికను చెప్పెను. ఆకారము సరిపోయినచో తాళము తెరచుకొనును. లేనిచో చెవి లోనికి పోదు. ఇది కత్తెరకన్న మేలు. గుర్తింపు అను ప్రశ్నను ఇది దాటవేయలేదు. కాని ఇందులోను రెండు దోషములున్నవి.

మొదటిది: తప్పు చెవి తాళములో ప్రవేశింపదు. కాని ఈ ఎంజైములు తప్పు డి.ఎన్.ఏ.ను కూడ పట్టుకొనును. డి.ఎన్.ఏ. వెన్నెముకలోని ఫాస్ఫేటులకు ఋణవిద్యుదావేశము కలదు. అది ఎల్లెడల ఒకటే. ఎంజైము పట్టు గాడికి ధనావేశము కలదు. కావున అక్షరములతో నిమిత్తము లేక అవి ఆకర్షించుకొనును. 1991లో బ్రిస్టల్‌లో హాల్‌ఫర్డ్, ఆయన సహచరులు ఒక ఆశ్చర్యకరమైన ఫలితమును ప్రకటించిరి. జి-ఏ-టి-ఏ-టి-సిని గుర్తించు ఎకో-ఆర్-5 అను ఎంజైము, మెగ్నీషియము లేనప్పుడు, తన మాటయున్న డి.ఎన్.ఏ.ను, లేని డి.ఎన్.ఏ.ను సమానముగానే పట్టుకొనుచున్నది! అయినను మెగ్నీషియము ఇచ్చినప్పుడు తన మాటవద్ద కోయు వేగము, దానికి మిక్కిలి దగ్గరగా నున్న తప్పు మాటవద్ద కోయు వేగముకన్న పదిలక్షల రెట్లకు మించియున్నది. అనగా ఈ ఎంజైములో విచక్షణ పట్టుకొనుటలో కాక, పట్టుకొన్న తర్వాత జరుగు మార్పులో ఉన్నదని వారి అభిప్రాయము. దీనిని అందరును అంగీకరింపలేదు. 1997లో పిట్స్‌బర్గ్‌లోని జెన్-జాకబ్సన్ బృందమువారు, ద్రావణపు ఆమ్లత మొదలగు స్థితులను మార్చి చూచిన మెగ్నీషియము లేకున్నను ఎకో-ఆర్-5 తన మాటపై మొగ్గు చూపునని వాదించిరి. కాల్షియము సమక్షములో అది తన మాటనే గట్టిగా పట్టుకొనునని హాల్‌ఫర్డ్ ప్రయోగశాలయే 1995లో చూపియున్నది. ఈ వివాదము పాఠ్యగ్రంథములలో కానరాదు. కత్తెరకును, తాళమునకును అలవాటు పడినవారికి ఇట్టి ప్రశ్న యుండునని తోచనే తోచదు.

రెండవ దోషము: తాళమును, చెవియు గట్టి లోహములు, ఒకదానికై ఒకటి మారవు. ఇక్కడ రెండును మారును. 1993లో బేసెల్‌లో వింక్లర్, ఆయన సహచరులు ఎకో-ఆర్-5 స్ఫటికములను ఎక్స్-కిరణములతో పరిశీలించిరి. సరియైన మాటయున్న డి.ఎన్.ఏ. నడుమ సుమారు 50 డిగ్రీలు వంగియున్నది. తప్పు డి.ఎన్.ఏ.లో ఆ వంపు లేదు. నడిమి టి-ఏ మెట్లతో ఎంజైము పెద్ద గాడిలో నేరుగా హైడ్రోజన్ బంధములు ఏర్పరచుకొనలేదు. అయినను ఆ రెండక్షరములను గుర్తించుచున్నది. ఎట్లు? టి-ఏ మెట్టు సులభముగా వంగును. మరియొక మెట్టు అంత సులభముగా వంగదు. వంగుటలో గల తేలికయే గుర్తు. ఆ వంపు వలన తెగవలసిన ఫాస్ఫేటు మెగ్నీషియము నిలుచు తావునకు చేరును. సరియైన మాట కానిచో వంపు లేదు. వంపు లేనిచో మెగ్నీషియము తావు అమరదు. అది అమరనిచో కోత లేదు. చదువుటకును కోయుటకును నడుమ గొలుసు ఇట్లున్నది. తాటాకు పోలికయు ఇక్కడ ఆగిపోవును. తడవిన వేలికి తాటాకు తన స్వభావము చెప్పుటకై వంగదు.

2000లో న్యూయార్కులో వియాడియు, అగర్వాల్ అనువారు బామ్-హెచ్-1 అను ఎంజైమును ఒక్క అక్షరము మాత్రమే తప్పిన డి.ఎన్.ఏ.తో కలిపి స్ఫటికము చేసిరి. దాని సరియైన మాట జి-జి-ఏ-టి-సి-సి, ఇచ్చినది జి-ఏ-ఏ-టి-సి-సి. ఆరింట అయిదు సరిపోయినవి గదా, ఆ అయిదింటికి తగిన బంధములుండునని తలపవచ్చును. అట్లు లేదు. ఎంజైము విచ్చుకొనియే యున్నది, డి.ఎన్.ఏ. గాడిలోనికి దిగలేదు, అక్షరములతో బంధము ఒక్కటియు లేదు. అయిదు మార్కులకు అయిదు మార్కుల ఫలితము రాలేదు. అన్నియు కుదిరిన కుదురును, లేనిచో ఏదియు కుదరదు.

నీటికి కూడ ఇందులో పాత్ర కలదు. 1996లో సిడరోవా, రావు అనువారు ఎకో-ఆర్-1ను పరీక్షించి, తప్పు డి.ఎన్.ఏ.ను పట్టుకొన్నప్పుడు ఎంజైమునకును డి.ఎన్.ఏ.కును నడుమ, సరియైన మాటను పట్టుకొన్నప్పటికన్న సుమారు 110 నీటి అణువులు అధికముగా చిక్కుకొనియుండునని తేల్చిరి. సరియైన మాటవద్ద ఆ నీరు వెలికిపోయి రెండును మేనికి మేను తగిలి నిలుచును.

సవరింపబడిన చిత్రము

విమర్శ ఇతర రచయితలపైననే గాక మూల పరిశోధనపై కూడ నిలువవలెను. 1986లో పిట్స్‌బర్గ్‌లోని రోజెన్‌బెర్గ్ బృందమువారు ఎకో-ఆర్-1 డి.ఎన్.ఏ.ను పట్టుకొన్న స్ఫటికచిత్రమును ప్రకటించిరి. పన్నెండు హైడ్రోజన్ బంధములతో ఆరు జతలును గుర్తింపబడుచున్నవని అందుండెను. 1976 నాటి సిద్ధాంతమునకు అది చక్కగా సరిపోయెను. అంత చక్కని చిత్రము గనుక గ్రంథములలో త్వరగా ప్రవేశించెను.

ఆ చిత్రము నిజమైనచో, ఆ బంధములను ఏర్పరచు ఎమినో ఆమ్లములను మార్చినప్పుడు ఎంజైము వేరొక మాటను చదువవలెను, లేదా విచక్షణ కోల్పోవలెను. 1989, 1990 సంవత్సరములలో పలు ప్రయోగశాలలవారు ఆ మార్పులు చేసి చూచిరి. ఎంజైము బలహీనపడినది, కాని క్రొత్త మాటను నేర్చుకొనలేదు. జి-ఏ-ఏ-టి-టి-సినే అంటిపెట్టుకొనియుండెను. 1990లో రోజెన్‌బెర్గ్ బృందమువారే తమ చిత్రములో ప్రోటీను గొలుసు నడకను కొంతమేర పొరపాటుగా గుర్తించితిమని ప్రకటించి, సవరించిన నిర్మాణమును ఇచ్చిరి. అందులో మునుపు కానరాని స్పర్శలు మరికొన్ని బయటపడినవి.

తమ చిత్రమును తామే సవరించుకొన్న ఆ బృందము గౌరవింపదగినది. నిందింపదగినది, అందమైన చిత్రమును చూడగానే సమస్య తీరినదని భావించు మన అలవాటు. పన్నెండు బంధములు, ఆరు జతలు, లెక్క సరి! అని పుస్తకము మూసివేసితిమి. ఎంజైము అక్షరములను విడివిడిగా కూడబలుకుకొనుట లేదు. మాటను మొత్తముగా, దాని వంపుతో, దాని చుట్టునున్న నీటితో సహా గ్రహించుచున్నది. అందువలననే ఒక ఎంజైమునకు వేరొక మాటను నేర్పుట ఇంజనీర్లు తలచినంత సులభము కాలేదు.

వెదకుట ఎట్లు?

ఇంకొక విషయము. వేలకొలది తావులలో తన తావును ఎంజైము ఎట్లు వెదకుచున్నది? 1982లో జాక్, టెరీ, మోడ్రిచ్ అనువారు ఒక ప్రయోగము చేసిరి. జి-ఏ-ఏ-టి-టి-సికి ఇరుప్రక్కల నున్న డి.ఎన్.ఏ. పొడవు పెరిగినకొలది ఎకో-ఆర్-1 తన తావును త్వరగా చేరుచున్నది; త్వరగా విడుచుచున్నది కూడ. కావున తప్పు డి.ఎన్.ఏ.ను పట్టుకొనుట వృథాశ్రమ కాదు. అది తావును చేరుటకు బాట.

దీనినుండి "ఎంజైము పట్టాలపై రైలువలె డి.ఎన్.ఏ.పై జారుచు పోవును" అను మరియొక ఉపమానము పుట్టినది. దీనిని కూడ హద్దులో నుంచవలెను. 2004లో హాల్‌ఫర్డ్, మార్కో అనువారును, తర్వాత ఎకో-ఆర్-5పై జరిగిన ప్రయోగములును చూపిన దేమనగా, జారుట కొన్ని పదుల జతల దూరమునకే పరిమితము. అంతకు మించిన దూరమును ఎంజైము విడిచి, ఎగిరి, మరల వాలుచు గడచును. ఇది రైలు నడక కాదు. ధాన్యపు కళ్లములో పిచ్చుక గింజలేరు రీతి. కొంచెము గెంతి ముక్కుతో పొడిచి చూచును. లేచి మరియొక చోట వాలును.

ఇందువలన నష్టమేమి?

"పోలికలో లోపమున్నచో ఏమి? పని జరుగుచున్నది గదా!" అని అడుగవచ్చును. పని ఎప్పుడు చెడునో ఈ పోలిక చెప్పదు. 1975లో బోయర్, ఆయన సహచరులు ఎకో-ఆర్-1కు ఉప్పు తగ్గించి, క్షారగుణము పెంచినను, మెగ్నీషియమునకు బదులు మాంగనీసు ఇచ్చినను అది తన నియమమును సడలించి నడిమి నాలుగక్షరములైన ఏ-ఏ-టి-టి ఉన్నచోటనెల్ల కోయునని చూపిరి. గ్లిసరిన్ అధికమైనను ఇట్టి సడలింపు కలుగును. కత్తెర అయితే ఏ నీటిలో ముంచినను కత్తెరయే. ఉప్పు తగ్గినంతమాత్రమున కత్తెర వేరొక గీతపై కోయదు. ఇది కత్తెరయని నమ్మిన విద్యార్థి తన పరీక్షనాళికలో అదనపు ముక్కలు కనబడినప్పుడు డి.ఎన్.ఏ.ను అనుమానించును, చదివినవాని చదువును అనుమానింపడు.

ఆ చదువుపై మనుష్యుల బ్రదుకులు ఆధారపడిన సందర్భములున్నవి. సికిల్ సెల్ అను రక్తవ్యాధి మన ఏజెన్సీ ప్రాంతముల గిరిజనులలోను కలదు. హీమోగ్లోబిన్ జన్యువులో ఒక్క ఏ మారి టి అగుటయే దానికి కారణము. ఆరోగ్యవంతుని జన్యువులో ఆ చోట సి-సి-టి-జి-ఏ-జి-జి అను వరుస కలదు, ఎమ్.ఎస్.టి.-2 అను ఎంజైము దానిని గుర్తించి కోయును. ఏ టిగా మారినచో అది గుర్తింపదు; కోయదు. అందుచే మామూలు జన్యువునుండి సుమారు 1,150 జతల ముక్కయు, వ్యాధి జన్యువునుండి సుమారు 1,350 జతల ముక్కయు వచ్చును. 1982లో ఈ పద్ధతితో గర్భస్థ శిశువునకు వ్యాధి కలదో లేదో చెప్పుట సాధ్యమైనది. తర్వాత పద్ధతులు మారినవి. కాని గమనింపుడు: ఇక్కడ తల్లిదండ్రులకు వార్త చెప్పినది కోత కాదు, ఎంజైము కోయకుండుట. దాని నిరాకరణమే నిదానము.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రములో లాల్జీ సింగ్ 1980 దశాబ్దిలో, కట్లపాము జాతి డి.ఎన్.ఏ. నుండి లభించిన ఒక శోధకముతో మనుష్యుల డి.ఎన్.ఏ. ముద్రలను వేరుచేయు పద్ధతిని రూపొందించెను. ఆ ముద్రల తయారీలో మొదటి మెట్టు ఇట్టి ఎంజైముతో డి.ఎన్.ఏ.ను ఖండించుటయే. నేడు ఆ పనికి అధికముగా ఇతర పద్ధతులు వచ్చినవి. ఒక బిడ్డకు తండ్రి ఎవరు, ఒక నేరము చేసినది ఎవరు అను ప్రశ్నలు ఆ ముక్కల పొడవులపై నిలిచిన దినములలో, ఎంజైము తప్పు చదివినచో న్యాయము తప్పెడిది.

నేటి కాస్-9 అను ఎంజైము విషయములో ఈ హెచ్చరిక మరింత అవసరము. దాని చదువు వేరు. మొదట రెండు జిలు గల చిన్న గుర్తును ప్రోటీను తడవి చూచును; అటుపిమ్మట తనతో తెచ్చుకొన్న ఆర్.ఎన్.ఏ.లోని 20 అక్షరములను డి.ఎన్.ఏ.తో జతకూర్చి చూచును. మార్చదలచినప్పుడు ఆర్.ఎన్.ఏ.ను మార్చిన చాలును. ఎకో-ఆర్-1లో అసాధ్యప్రాయమైనది ఇక్కడ సులభమైనది. కాని కొన్ని అక్షరములు సరిపోని తావులను కూడ ఇది కోయగలదని 2013లోనే తేలినది. ఆరక్షరముల ఎంజైము బాక్టీరియా ప్రాణమును కాపాడవలసి నిక్కచ్చితనమును అలవరచుకొన్నది. కాస్-9 రూపు మార్చుకొను వైరసులను పట్టవలసినది గనుక కొంత ఓరిమి దానికి ఉపకారమే. ఈ కాస్-9 ఆధారముగా సికిల్ సెల్ వ్యాధికి చేయు చికిత్సకు 2023 చివర బ్రిటనులోను, అమెరికాలోను అనుమతి లభించినది. అట్టి చికిత్స కోరు రోగి వైద్యుని అడుగవలసిన ప్రశ్న "బాగుగా కోయునా?" అని కాదు, "కోయరాని చోట ఊరకుండునా?" అని. కత్తెర అను మాట మొదటి ప్రశ్ననే నేర్పును.

ఏమి చేయవలెను?

కత్తెర అను మాటను బహిష్కరింపవలెనని మేము చెప్పుట లేదు. వాడుకలో స్థిరపడిన మాటను తొలగించుట సాధ్యము కాదు, అవసరమును లేదు. బాలురకు మొదటి దినమున అది చెప్పవచ్చును. కాని రెండవ దినమున ఉపాధ్యాయుడు "ఈ కత్తెరకు గీత గీసినది ఎవరు?" అని అడుగవలెను. ఆ ప్రశ్నతో పెద్ద గాడి, హైడ్రోజన్ బంధములు, వంపు, నీరు, మెగ్నీషియము ఒకదాని వెంట ఒకటి వచ్చును. పాఠ్యగ్రంథ రచయితలు కోత చిత్రముతోపాటు, తప్పు డి.ఎన్.ఏ.ను పట్టుకొని కోయక ఊరకున్న ఎంజైము చిత్రమును కూడ ప్రక్కనే ముద్రింపవలెను. రెండును ఒక్క పుటలో చూచిన విద్యార్థికి వేరుగా వ్యాఖ్యానము అక్కరలేదు.

తెలుగున శాస్త్రము వ్రాయువారు ఆంగ్లమునుండి వచ్చిన ప్రతి ఉపమానమును అట్లే దింపుకొననక్కరలేదు. మనకు ఉపమను అంగాంగముగ విడదీసి పరీక్షించు శాస్త్రమొకటి చిరకాలముగా కలదు. సమానధర్మమేది, అది ఎంతవరకు వర్తించును, ఎక్కడ వర్తింపదు అని అడుగుట ఆ శాస్త్రము మనకు నేర్పినది. కావ్యములకు వాడిన ఆ ఒరగల్లుపై విజ్ఞాన వ్యాసములలోని పోలికలను కూడ గీచి చూచినచో, ఏది మేలిమియో, ఏది పూతయో పాఠకుడే తెలిసికొనగలడు.